కార్డులో లేని నోరు

యుద్ధకాలం నేపథ్యంగా వచ్చే కుటుంబ నవలల్లో రహస్యం ఎక్కడ దొరుకుతుందో పాఠకుడికి ఇప్పుడు ముందే తెలిసిపోతోంది. అటక మీద ట్రంకుపెట్టె, పెట్టెలో ఉత్తరాల కట్ట, కట్ట కింద వంటల నోటుపుస్తకం. మనవరాలు ఆ పుస్తకం చూసి అమ్మమ్మ కేకు చేస్తుంది. మొదటి ముక్క నోట్లో పెట్టుకునేసరికి 1941 నాటి లండన్ కళ్ల ముందు నిలబడుతుంది, అమ్మమ్మ దాచిన ప్రేమకథ బయటికొస్తుంది.

నా పేచీ ఆ కేకుతోనే. 1941లో ఆ కేకులో పడ్డ చక్కెర ఎవరిది?

లెక్క చూద్దాం. నలుగురి ఇంటికి సరిపడే మామూలు స్పాంజి కేకుకి 8 ఔన్సుల చక్కెర, 8 ఔన్సుల వెన్న, 4 గుడ్లు కావాలి. ఆ రోజుల్లో బ్రిటన్‌లో పెద్దవాళ్లకి ఒక్కొక్కరికి వారానికి దొరికే చక్కెర సుమారు 8 ఔన్సులు, అంటే 227 గ్రాములు. వెన్న 2 ఔన్సులు. గుడ్డు ఒక్కటి, అదీ దుకాణానికి వస్తే. అంటే ఆ ఒక్క కేకులో ఒక మనిషి వారం చక్కెర, నలుగురి వారం వెన్న, నలుగురి వారం గుడ్లు కలిసిపోయాయి. పైన ఐసింగ్ కూడా ఉందని రాస్తే ఇంకో చిక్కు: కాల్చిన కేకు మీద చక్కెర పూత వేసి అమ్మడాన్ని 1940 ఆగస్టులోనే నిషేధించారు. పెళ్లి కేకుల మీద అట్టతో చేసిన తెల్లటి గోపురం బోర్లించి ఫొటోలు దిగేవాళ్లు. గోపురం ఎత్తితే కింద చిన్న గోధుమరంగు కేకు.

కాబట్టి అమ్మమ్మ కేకు చేసిందంటే దానికి ముందు ఏదో జరిగింది. నలుగురు వారమంతా పాచిరొట్టె తిని ఊరుకున్నారా? ఇంట్లో లేని మనిషి కార్డు ఇంకా చెల్లుతోందా? ఎవరైనా దొంగసరుకు తెచ్చారా? అసలు కథ ఇక్కడుంది, కేకు రుచిలో కాదు. రేషన్ ఉన్న ఇంట్లో ఏది దాచినా చివరికి తూకంలో తేలుతుంది. నోరు ఒకటి ఎక్కువైనా, ఒకటి తగ్గినా లెక్క కలవదు. ఆ కలవని లెక్కే రహస్యం. నవలాకారులు డైరీలు వెతకడం మానేసి ఈ లెక్క వేసుకోవాలని నా వాదన.

ఇందులో ఇంకో మెలిక ఉంది. దేనికి రేషన్ పెట్టారన్నదాన్ని బట్టి ఒక్కో దేశంలో రహస్యం స్వభావమే మారిపోతుంది. ఇంగ్లండ్ రహస్యాన్ని ఎత్తుకెళ్లి రష్యాలోని లెనిన్‌గ్రాడ్‌లో పెడితే అతకదు.

బ్రిటన్‌లో రేషన్ 1940 జనవరి 8న బేకన్, వెన్న, చక్కెరతో మొదలైంది. మార్చిలో మాంసం వచ్చి చేరింది, అది బరువుతో కాదు, ధరతో కొలిచారు. జులైలో టీ, మనిషికి వారానికి 2 ఔన్సులు. జున్ను 1941లో. చాలామంది రచయితలు తప్పటడుగు వేసేది రొట్టె దగ్గర. యుద్ధం జరిగినన్నాళ్లూ బ్రిటన్‌లో రొట్టెకి రేషన్ లేదు. అది పెట్టింది యుద్ధం ముగిశాక, 1946 జులైలో. బంగాళదుంపలకీ లేదు. 1943 నాటి సన్నివేశంలో తల్లి రొట్టె కూపన్లు లెక్కపెడుతూ కనిపిస్తే ఆ పుస్తకాన్ని అక్కడే మూసెయ్యొచ్చు. గుడ్డుపొడి కూడా అంతే. అమెరికా నుంచి అది ఇళ్లకి చేరింది 1942లో, 1940 నాటి బాంబుదాడుల రాత్రి ఎవరి వంటింట్లోనూ ఆ డబ్బా లేదు. వాడే పద్ధతి: ఒక చెంచా తలకొట్టి పొడి, రెండు చెంచాల నీళ్లు, అది ఒక గుడ్డుకి సమానం. నీళ్లు ఒక్కసారే పోస్తే ఉండలు కడుతుంది. కొద్దికొద్దిగా పోసి నలిపి, కాసేపు నాననివ్వాలి. తొందరపడి పెనం మీద వేస్తే రబ్బరు ముక్కే.

రొట్టె, దుంపలు కావలసినంత దొరికేవి కాబట్టి బ్రిటన్‌లో సైన్యం నుంచి పారిపోయి వచ్చిన కొడుకుని అటక మీద దాచినా వాడి కడుపు నింపొచ్చు. పట్టించేది టీ. మూడు కార్డులకి వారానికి 6 ఔన్సుల ఆకు వస్తుంది. నాలుగో మనిషి తాగితే గురువారానికి అయిపోతుంది. ఒకే ఆకుని మూడోసారి మరిగించిన నీళ్లని పొరుగావిడకి ఇచ్చిన క్షణంలో ఆమె ముఖంలో కనిపించే ప్రశ్న ఒక అధ్యాయం పెట్టు.

అంతకంటే గట్టి వస్తువు ఒకటుంది, దాన్ని ఎందుకో ఎవరూ పట్టించుకోరు: రేషన్ పుస్తకం రంగు. పెద్దలకి లేత గోధుమరంగు, ఐదు నుంచి పదహారేళ్ల పిల్లలకి నీలం. గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి, ఐదేళ్లలోపు పిల్లలకి ఆకుపచ్చ. ఆకుపచ్చ పుస్తకం ఉంటే రోజుకి ఒక పైంటు పాలు (568 మిల్లీలీటర్లు) చవగ్గా గానీ ఉచితంగా గానీ వస్తాయి. గుడ్లు రెట్టింపు. నారింజరసం, కాడ్ లివర్ నూనె. దుకాణానికి పళ్లొస్తే ముందు వీళ్లకే. దీనికి డాక్టరో మంత్రసానో గర్భం నిర్ధారించి కాగితం రాసివ్వాలి.

ఇప్పుడు ఒక మనిషిని ఊహించండి. భర్త 1942 ఫిబ్రవరిలో సింగపూర్‌లో జపాన్ వాళ్లకి ఖైదీగా చిక్కాడు. 1943 వేసవిలో ఆమెకి మూడో నెల. ఆకుపచ్చ పుస్తకం తీసుకుంటే ఆ రోజే వీధికంతా తెలుస్తుంది, ఎందుకంటే సరుకులు నమోదు చేసుకున్న ఒక్క దుకాణంలోనే కొనాలి, ఇష్టమొచ్చిన చోట కాదు. కౌంటరు మీద పుస్తకం పెట్టగానే వెనక క్యూలో ఉన్న పదిమంది ఆ రంగు చూస్తారు. తీసుకోకపోతే రహస్యం నిలుస్తుంది, రోజుకో పైంటు పాలు పోతాయి. బిడ్డ ఎముకల మీద పడే ఖర్చు అది. రహస్యానికి రోజువారీ ధర ఇంత కచ్చితంగా కట్టిన ప్రభుత్వం మరొకటి కనిపించదు. ఇంత పెట్టుకుని అటక మీద ఉత్తరాలు దేనికి?

ఆ ఊళ్లో అందరి గుట్టూ తెలిసినవాడు కిరాణా వ్యాపారి. ఎవరింట్లో ఎవరు పోయారు, ఎవరొచ్చారు, ఎవరి మొగుడి పుస్తకం ఆర్నెల్లుగా కౌంటరు మీదికి రావడం లేదు, అన్నీ అతనికి కత్తెర మొనలో ఉంటాయి. బామ్మని జ్ఞాపకాల భాండాగారంగా పెట్టే పద్ధతి కాస్త పక్కన పెట్టి, కథ చెప్పే పని ఆ వ్యాపారికి అప్పగిస్తే బాగుండును.

లెనిన్‌గ్రాడ్‌కి వెళ్తే ఈ లౌక్యాలేవీ మిగలవు. అక్కడ దాచేది పుట్టుకని కాదు, చావుని.

1941 సెప్టెంబరు 8న ఆ నగరం చుట్టూ జర్మన్ సేనల దిగ్బంధం మొదలైంది. అదే రోజు బాంబులు పడి బదాయెవ్ ఆహార గిడ్డంగులు తగలబడ్డాయి, చక్కెర కరిగి నేలలో ఇంకింది. తర్వాత జనం ఆ మట్టి తవ్వుకెళ్లి వేణ్ణీళ్లలో కలిపి, తేర్చి, గుడ్డలో వడకట్టి తాగారు. నవంబరు 20 నాటికి రొట్టె రేషన్ అట్టడుగుకి దిగింది: కార్మికులకి రోజుకి 250 గ్రాములు, ఉద్యోగులకి, ఆధారపడినవాళ్లకి, పిల్లలకి 125. ఆ 125 గ్రాములనగానే మన కళ్ల ముందు బేకరీ రొట్టె మెదులుతుంది. అది కాదు. రై పిండిలో పత్తిగింజల చెక్క, కాగితం మిల్లు గుజ్జులాంటివి కలిపిన రొట్టె. తడి ఎక్కువ, అందుకే బరువెక్కువ. 125 గ్రాములు తూగే ముక్క చూడ్డానికి అరచేతిలో సగం. చేత్తో నొక్కితే పొంగదు, బంకమన్నులా అణిగిపోతుంది.

ఆ ముక్కని దగ్గరనుంచి చూడాలి. దుకాణంలో అమ్మకందారు కత్తెరతో కార్డులోంచి ఆ రోజు కూపను కత్తిరిస్తుంది, రొట్టె కోసి తాసులో పెడుతుంది. తూకం ఒక్క కోతకి సరిపోదు. తక్కువైన కాస్తకి ఇంకో చిన్న ముక్క, బొటనవేలి గోరంతో అగ్గిపెట్టెలో సగమంతో, పైన వేస్తుంది. దాన్ని రష్యన్లు దొవెసోక్ అంటారు. దీన్ని తెలుగులో ‘కొసరు’ అని రాయబోయి ఆగాలి. మన కొసరు తూకం మీద అదనం, కూరగాయలామె దయ. దొవెసోక్ తూకం లోపలిదే, ఇంటికి చేరాల్సిన 125లో భాగం. క్యూలో నిలబడి తెచ్చిన పిల్లాడు దారిలో ఆ ముక్క నోట్లో వేసుకుంటే కొసరు తిన్నట్టు కాదు, చెల్లెలి వాటా తిన్నట్టు. చాలా ఇళ్లల్లో తెచ్చినవాళ్లకి దాన్ని వదిలేసేవాళ్లు. వదలని ఇళ్లూ ఉన్నాయి. ఏ ఇల్లు ఏ రకమో నిర్ణయించుకుంటే చాలు, ఆ కుటుంబం గురించి రచయిత ఇంకేమీ వివరించనక్కర్లేదు. అరవయ్యేళ్ల తర్వాత కూడా ఆ పిల్లాడు ఎవరికీ చెప్పకుండా దాచుకున్నది ఏడెనిమిది గ్రాముల రొట్టె కావచ్చు.

ఇక పెద్ద రహస్యం. కార్డు నెల చివరిదాకా చెల్లుతుంది. మనిషి చనిపోతే కార్డు వెనక్కివ్వాలి. ఇవ్వని ఇళ్లు ఎన్నో. శవాన్ని మంచుగట్టే గదిలో ఉంచి నెలాఖరుదాకా ఆ కూపన్లు వాడుకున్నారు. దీన్ని ‘హృదయవిదారకం’ అనే మాటతో దాటేసే రచయిత లెక్క వెయ్యలేదన్నమాట. వేసి చూడండి. ఆధారపడినవాళ్ల కార్డున్న అమ్మమ్మ డిసెంబరు 5 తెల్లవారుజామున పోయింది. ఆ రోజు నుంచి 24 దాకా 20 రోజులు, రోజుకి 125 చొప్పున 2,500 గ్రాములు. డిసెంబరు 25న రేషన్ పెరిగి 200 అయింది, 31 దాకా ఏడు రోజులకి 1,400. మొత్తం 3 కిలోల 900 గ్రాములు. ఆమె 28న పోయి ఉంటే 800 గ్రాములే. నెల మొదట్లో చావు ఇంటికి మేలు చేసింది, నెలాఖరు చావు చెయ్యలేదు. ఈ లెక్క ఆ గదిలో ప్రతి ఒక్కరి బుర్రలోనూ ఉంటుంది, ఎవరూ పైకి అనరు. జనవరి కార్డులు భవనం నిర్వాహకుల ద్వారా వస్తాయి కాబట్టి వాళ్లకి తెలియకూడదు. పక్కగది వాళ్లకీ తెలియకూడదు, తెలిసినా వాళ్లింట్లోనూ ఒక చల్లటి గది ఉండొచ్చు.

అన్నట్టు కార్డు పోగొట్టుకునే సన్నివేశం రాసేవాళ్లు, మరో రెండు పేజీల్లో కొత్త కార్డు ఇప్పించేస్తుంటారు. ఆ చలికాలంలో పోయిన కార్డుకి బదులు దొరకడం దాదాపు లేనే లేదు. క్యూలో జేబు చిరిగిందంటే ఆ నెలకి అంతే.

వడ్రంగి జిగురుతో చేసిన జెల్లీ గురించీ ఒక మాట. అది కల్పన కాదు. ఆ జిగురు తోళ్లు, ఎముకలు ఉడికించి తీసినది, అంటే ముడి జెలటిన్. పలకల్ని నానబెట్టి, చాలాసేపు మరిగించి, బిరియానీ ఆకు, వెనిగరు దొరికితే వేసి, చల్లారబెడితే గడ్డకట్టేది. పొరపాటంతా ఉప్పు దగ్గర జరిగేది. ఆకలి చచ్చిపోతుందని ఉప్పు వేసిన వేణ్ణీళ్లు అదేపనిగా తాగినవాళ్లకి కాళ్లూ ముఖమూ వాచేవి. ‘అమ్మ బొద్దుగా అయింది’ అని చిన్నపిల్ల అనుకోవడం ఆ వాపు చూసే.

జర్మనీ ఆక్రమించిన నెదర్లాండ్స్‌లో దాచినది బతికున్న మనిషిని. అజ్ఞాతంలో ఉన్న యూదులకి, నిర్బంధ పనికి పోకుండా తప్పించుకున్న కుర్రాళ్లకి కార్డు ఉండదు. అందుకే ప్రతిఘటన దళాలు రేషన్ పంపిణీ కార్యాలయాలమీద పడి కూపన్లు ఎత్తుకెళ్లాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ వీధి 263 నంబరు ఇంటి వెనకభాగంలో డైరీ రాసిన ఆన్ ఫ్రాంక్‌తో కలిపి ఎనిమిది మంది దాక్కున్న సంగతి అందరికీ తెలుసు. వాళ్లకి దుంపలూ కూరలూ ఇచ్చే వ్యాపారిని 1944 మేలో తన ఇంట్లో ఇద్దరు యూదుల్ని దాచినందుకు అరెస్టు చేశారు, ఆ దెబ్బతో వెనకభాగంలో పళ్లెం తేలికయింది. కథకి కావలసిన గొలుసు ఇది: ఒక రహస్యం బద్దలైతే దానికి సంబంధం లేని మరో రహస్యం పస్తుంటుంది.

ఆ ఏడాది చలికాలపు కరువులో తులిప్ దుంపలు తిన్నారని రాసేవాళ్లు ఎలా తిన్నారో చెప్పరు. పై పొర ఒలిచి, దుంపని రెండుగా కోసి, మధ్యలో ఉన్న పసుపు మొలకని తీసెయ్యాలి, చేదూ విషమూ అందులోనే. తర్వాత ఉడికించడమో, ఎండబెట్టి పిండి చెయ్యడమో. చూపుకి తులిప్‌లాగే ఉండే నార్సిసస్ దుంప తింటే వాంతులు తప్పవు. చీకట్లో, కరెంటూ గ్యాసూ లేని వంటింట్లో ఆ రెండూ పోల్చుకోలేకపోవడం ఏ విలనూ చెయ్యలేని పని చేస్తుంది.

ఇంతదూరం వచ్చాక మన వైపు చూడకపోతే ఎలా. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి పోయింది. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. మన చరిత్ర నవలలు ఆ బాంబుల దగ్గరే ఆగుతాయి. వంటింటికి తగిలిన దెబ్బ వేరు: బర్మా బియ్యం ఆగిపోయింది. రేవులో మూటలు మోసి, రిక్షాలు లాగి రంగూన్‌లో బతికిన తెలుగువాళ్లు, అక్కడివాళ్లు కోరంగీలు అని పిలిచినవాళ్లు, కొండలూ అడవులూ పట్టి నడిచి వచ్చారు. దారిలో ఎవరిని వదిలేశారు, చివరి పిడికెడు బియ్యం ఎవరికి పెట్టారు అన్నది ఉత్తరాంధ్ర ఇళ్లల్లో ఎంతమంది నోరు విప్పి చెప్పారు? ఒక జాగ్రత్త: 1962 తర్వాత సైనిక ప్రభుత్వ కాలంలో ఓడల్లో తిరిగివచ్చిన వాళ్లది వేరే కథ. రెండు తరాలనీ కలిపేసి ‘బర్మా నుంచి వచ్చిన తాత’ అని రాస్తే నడిచినవాడు ఓడెక్కుతాడు.

తెలంగాణలో లెక్క మరోలా ఉంటుంది. అక్కడ కార్డు కాదు, లెవీ. యుద్ధకాలంలో నిజాం ప్రభుత్వం రైతుల దగ్గర ఇంత ధాన్యం అని నిర్ణయించి, సర్కారు ధరకి బలవంతంగా కొలిపించుకుంది. దొరలూ దేశ్‌ముఖులూ తప్పించుకున్నారు, బరువంతా చిన్న రైతు మీద పడింది. చిన్న రైతు గింజ దాచాడు. ఆ దాచే చోటుకి మన భాషలో మాటుంది: పాతర. ఇంత చక్కని మాట పెట్టుకుని మన రచయితలు కూడా ట్రంకుపెట్టెల వెంట పడటం నాకు మింగుడుపడదు.

పాతర అంటే ఉత్త గొయ్యి కాదు. నీరు నిలవని ఎత్తు నేల చూసి, మూతి సన్నగా లోపల వెడల్పుగా, కుండ ఆకారంలో తవ్వుతారు. అడుగునా చుట్టూ ఎండుగడ్డి దట్టంగా పేరుస్తారు. బాగా ఎండిన జొన్నలు నింపి, పైన మళ్లీ గడ్డి, దానిమీద మట్టి కప్పి మెత్తుతారు. గాలి ఆడదు. లోపల గింజా పురుగూ ఉన్న ప్రాణవాయువుని వాడేసుకుంటాయి, బొగ్గుపులుసు వాయువు నిండుతుంది, పురుగు చస్తుంది. అందుకే గింజ నిలుస్తుంది. అందుకే మనిషీ చస్తాడు. మూత తీసిన వెంటనే దిగినవాడు కేక వెయ్యకుండానే కూలబడతాడు, వాణ్ణి తియ్యడానికి దిగినవాడూ అంతే. మూత తీసి ఒక పూటో రాత్రంతానో వదిలెయ్యాలి, తర్వాత తాడుకి దీపం కట్టి దించాలి, ఆరకుండా ఉంటేనే దిగాలి.

ఇప్పుడు లెవీ రోజుల్లో ఈ పద్ధతి ఎంత ప్రమాదమో చూడండి. పాతర రాత్రంతా తెరిచి ఉంచితే పట్వారీ మనుషుల కంట పడుతుంది. దీపం దించితే వెలుగు కనబడుతుంది. చప్పుడు కాకుండా, దీపం లేకుండా, తెరిచిన గంటలోనే దిగాలన్న తొందరే ప్రాణం తీస్తుంది. ఆ చావుని ఊరికి ఏమని చెప్పాలి? పాము కరిచిందనా? పాతరలో పోయాడంటే పాతర ఉందని ఒప్పుకున్నట్టే. ఒక కుటుంబం మూడు తరాలు మొయ్యగల అబద్ధం ఆ గోతిలో తయారుగా ఉంది.

గింజ క్షేమంగా పైకొచ్చినా రహస్యం నిలవదు. గోడల వారగా ఉన్న జొన్నలకి చెమ్మ తగిలి రంగు మారుతుంది, ముక్కిన వాసన వేస్తుంది. కడిగి ఎండబోసినా రొట్టెలో ఆ వాసన పోదు. ఎండబోయడం మాత్రం ఎక్కడ, వాకిట్లో పోస్తే చూసేవాళ్లుండరా? కరువు నెలలో జొన్నరవ్వ గట్క కూడా లేని వాడకట్టులో పక్కింటి పిల్ల చేతిలోకి ముక్క తీసుకుని అమాయకంగా అంటుంది: “చిన్నమ్మా, మీ రొట్టె పాతర వాసనొస్తున్నదే?” ఆ చిన్నమ్మ ఏం చెయ్యాలి? నవ్వి ఊరుకోవాలా, ఇంకో రొట్టె చేతిలో పెట్టి మీ అమ్మకియ్యి బిడ్డా అనాలా? రెండో రొట్టె ఇచ్చిందంటే నోరు మూయించడానికి ఇచ్చిందా, జాలిపడి ఇచ్చిందా అన్నది పిల్ల తల్లి తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడంలో రెవెన్యూ అధికారి గిర్దావరుకి కబురు వెళ్లొచ్చు, వెళ్లకపోవచ్చు.

కార్డైనా లెవీ అయినా సర్కారు లెక్క గడప దగ్గర ఆగిపోతుందని కూడా గుర్తుపెట్టుకోవాలి. తూకం ఇంటికి వేస్తారు, కంచానికి కాదు. లోపల పంచేది ఇల్లాలు. సోలడు గింజ తగ్గితే అంబలి పలచనవుతుంది, కుండ నిండుగానే కనిపిస్తుంది. మొదటి గరిటెలు పైతేట, అడుగున గింజ. ఎవరి గిన్నెలో గరిటె అడుగుకి దిగిందో, ఎవరి గిన్నెలో పైపైన తేలిందో ఆమె చేతికే తెలుసు. ఆఖర్న తినేది ఆమే కాబట్టి ఆమె గిన్నెలో ఏముందో ఎవరూ చూడరు. కొడుక్కి అడుగుగరిటె, కోడలికి పైగరిటె పడిన ఇంటి కథని ఏ ఉత్తరాల కట్టా చెప్పదు.

నవల చివర వంటకాల విధానం అచ్చువెయ్యడం ఇప్పుడు రివాజైంది. యుద్ధకాలపు వంటే వెయ్యాలనుకుంటే ‘ఊల్టన్ పై’ అనే కూరగాయల వంటకం వేసుకోవచ్చు, 1941 ఏప్రిల్‌లో లండన్ పత్రికలో వచ్చిందే: బంగాళదుంప, కాలీఫ్లవర్, స్వీడ్ దుంప, క్యారెట్ ఒక్కో పౌండు ముక్కలు, మూడు నాలుగు ఉల్లికాడలు, చెంచాడు కూరగాయల సారం, పెద్ద చెంచాడు ఓట్‌మీల్. సరిపడా నీళ్లతో పది నిమిషాలు కలుపుతూ ఉడికించి, చల్లార్చి, పైన దుంపపిండి పొర వేసి కాల్చాలి. చల్లార్చకుండా పొర వేస్తే ఆవిరికి అది నానిపోతుంది, ఓట్‌మీల్ తగ్గిస్తే లోపల పులుసవుతుంది. జిగురు జెల్లీకి మాత్రం అలా చివర్లో పేజీ వెయ్యకండి. ఆ 3 కిలోల 900 గ్రాములకీ వద్దు.